అక్క ఇచ్చిన మందుల డబ్బా

నేపాల్లో పోటీ మొదలైన రెండో రోజు మధ్యాహ్నం దాకా నేను అక్కను ఒక్కసారి కూడా అనుమానించలేదు. అందుకు కారణమూ కనిపించలేదు. ఆవిడ నా తోడబుట్టింది కాదు. మా టాటానగర్‌లోనే సోనారి వైపు ఉంటుంది, పెద్ద హోదాలో ఉన్న ఇంజనీరు, నాకన్నా పద్నాలుగేళ్లు పెద్ద. ఆరేళ్ల కిందట, మా అమ్మ పోయిన ఏడాది, బాగ్‌బేరాలో ఇంటికీ గమ్హరియాలో ఫ్యాక్టరీకీ మధ్య స్కూటరు మీద తిరగడం తప్ప నేనింకేమీ చెయ్యని రోజుల్లో ఒక పెళ్లి భోజనాల దగ్గర పరిచయమైంది.

"స్కూటర్ తోల్తావు కదే, బండి తోల్డానికి ఏటి భయం?" అంది.

తరవాతి ఆదివారమే తన పెద్ద మోటారు సైకిల్ తెచ్చి తాళం నా చేతిలో పెట్టింది. ఏరోడ్రోం గోడ పక్క ఖాళీ రోడ్డు మీద నన్ను ముందు కూర్చోబెట్టి తను వెనక కూర్చుంది. పావుగంటలో ఇద్దరినీ పడేశాను. అక్క మోకాలు చెక్కుకుపోయి రక్తం కారింది. నేను బండిని లేపడం మానేసి ఏడుస్తూ నిలబడితే, ఆవిడ చున్నీతో మోకాలు తుడుచుకుని, "ఏడుపు అయిపోనాదా? మళ్లీ ఎక్కు," అంది.

అలాంటి మనిషిని ఎలా అనుమానిస్తాం?

కొన్నాళ్లకు నేనూ ఒక పాత మోటారు సైకిల్ కొనుక్కున్నాను. మెల్లగా మేం నలుగురమయ్యాం. కాసిడీహ్‌లో ఉండే ఒక స్కూలు టీచరు, సాక్చీలో క్లినిక్ ఉన్న ఒక పళ్ల డాక్టరు, అక్క, నేను. టీచరు తెలుగమ్మాయే గానీ ఇక్కడే పుట్టి పెరిగింది. మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేది. ఆదివారం తెల్లవారగానే బయల్దేరి దల్మా కొండల కిందికో, డిమ్నా చెరువు దాటి ఊళ్లలోకో వెళ్లి, దారి పక్క ఆకు దొప్పల్లో ఘుగ్నీ శనగలు తిని పదకొండుకల్లా ఇళ్లకు చేరేవాళ్లం. మా నాన్న రైలింజను డ్రైవరుగా టాటానగర్‌లో రిటైరైన మనిషి. నేను హెల్మెట్ పెట్టుకుంటూంటే గుమ్మంలో నిలబడి "మెల్లగెళ్లమ్మా" అనేవారు, నా కళ్లల్లో ఏదో తిరిగొచ్చిందని ఆయనకు సంతోషంగా ఉండేది.

నేపాల్ పోటీ సంగతి తెచ్చింది అక్కే. కొండల్లో మట్టిదారుల మీద నాలుగు రోజులు జరుగుతుంది. అందులో వేగానికి పెద్ద విలువ లేదు, దారి తప్పకుండా వెళ్లడమే ఆట. ప్రతి ఉదయం ఆ రోజు చెక్‌పోస్టులుండే ఊళ్ల పేర్లు చెప్పి, ఒక కాగితం చుట్ట ఇస్తారు. దాని మీద వరసగా చిన్న చిన్న బొమ్మలుంటాయి. ఇన్ని కిలోమీటర్ల దగ్గర దారి రెండుగా చీలుతుంది, ఎడమకి వెళ్లు. ఇన్ని మీటర్ల తరవాత వాగు వస్తుంది, దాటి పైకెక్కు. హ్యాండిల్ మీద బిగించిన పెట్టెలో ఆ చుట్టను వేలితో తిప్పుకుంటూ, మీటరు చూసుకుంటూ వెళ్లాలి. ఇద్దరిద్దరు జంటగా ఆడాలి. ఫోన్లకు పొద్దున్నే సీలు వేసిన కవరు తొడుగుతారు, ప్రాణం మీదికొస్తే తప్ప చింపకూడదు.

ఇది విన్న రోజు నుంచి నాకు ఒకటే పిచ్చి. అల్యూమినియం రేకుతో నాలుగు పెట్టెలు నేనే చేశాను, మా ఫ్యాక్టరీ టూల్ రూంలో మేనేజరు అనుమతి తీసుకుని, షిఫ్టు అయ్యాక. చుట్ట తిరగడానికి పాత ప్రింటర్లోంచి తీసిన రోలర్లు వేశాను. శనివారాలు ఒక్కదాన్నే దల్మా కింద తిరిగి, ప్రతి మలుపు దగ్గరా ఆగి, మీటరు చూసి, బొమ్మలు గీసుకొచ్చేదాన్ని. ఆదివారం ఆ చుట్టల మీద నలుగురం సాధన చేసేవాళ్లం.

నాన్నకు ఇదంతా తన ఉద్యోగంలా కనిపించింది. "మాకూ ఇదే గదమ్మా. కొత్త సెక్షన్‌కి ఏస్తే ముందు రోడ్ లెర్నింగ్. ఎక్కడ గేటు, ఎక్కడ ఎత్తు, ఎక్కడ సిగ్నలు, అన్నీ బుర్రలోకెక్కేక సంతకం పెట్టాలి," అని నా పక్కన కూర్చుని బొమ్మలు సరిచూసేవారు.

జంటలు వేసేటప్పుడు అక్క నన్ను తీసుకుంది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి నాన్నకు మూడుసార్లు చెప్పాను.

దీపావళి మర్నాడు బయల్దేరాం. నాలుగు బళ్లు వరసగా. అక్క ముందు, చివర నేను, ఎందుకంటే ఎవరి బండికేదైనా అయితే చూడాల్సింది నేను. హజారీబాగ్ ఘాట్లో చలి, బిహార్లో దుమ్ము, రక్సౌల్ దగ్గర మైలు పొడుగున లారీలు. సరిహద్దు దాటాక బండి కాగితాలకు ముద్ర వేయించుకుని, ఒక షెడ్డు కింద నలుగురం ఒకే పళ్లెంలో మోమోలు తిన్నాం. డాక్టరు ఫొటో తీసింది. అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "మా నేవిగేటరు," అంది ఆ కొట్టాయనతో. ఆయనకేం అర్థమైందో గానీ తల ఊపాడు.

మొదటి రోజు మేం బాగా చేశాం. ఒక్కచోట మాత్రం తేడా వచ్చింది. సాల్ అడవిలో దారి చీలిన దగ్గర కాగితం మీద బొమ్మకూ ఎదురుగా ఉన్నదానికీ పొంతన కుదరలేదు. నా లెక్క ప్రకారం ఎడమకి వెళ్లాలి. అక్క వెనక ఆగి, ఒక నిమిషం పక్క సంచిలో ఏదో వెతికి, తలెత్తింది.

"కుడికి పద."

"లెక్క ఎడమకే వస్తోందక్కా."

"నా మనసు సెప్తాంది. కుడికే."

కుడికి వెళ్తే సరిగ్గా చెక్‌పోస్టు దగ్గర తేలాం. సాయంత్రం బోర్డు మీద ఆడవాళ్ల జంటల్లో మాది రెండో స్థానం. నేను అక్కను కౌగిలించుకున్నాను. ఇరవై ఏళ్ల అనుభవం అంటే ఇదే అని టీచరుతో అన్నాను. టీచరు నా మొహంలోకి చూసి, ఏదో చెప్పబోయి, టీ తెస్తానని లేచి వెళ్లింది. దాన్ని నేను పట్టించుకోలేదు.

రెండో రోజు దారి కష్టంగా ఉంది. రాళ్లు, జారుడు మట్టి, మోకాలి లోతు వాగులు. పన్నెండు దాటాక ఒక వాగు ఒడ్డున నీళ్లు తాగడానికి ఆగాం. అక్క, "ముందు దారెలగుందో సూసొత్తాను," అని మలుపు దాటి వెళ్లి, ఐదు నిమిషాల్లో తిరిగొచ్చింది. బండి దిగకుండానే తన పక్క సంచిలోంచి తెల్ల మూత ఉన్న మందుల డబ్బా తీసి నాకందించింది.

"ఇది నీ ట్యాంక్ బ్యాగ్‌లో పెట్టీసుకో. నా సంచి జిప్పు పోనాది, దార్లో పడిపోతాది."

"ఏదీ, చూస్తాను ఉండు. ఒక్క నిమిషంలో బిగిస్తాను."

"ఇప్పుడు టైం నేదే. పెట్టుకో అంతే."

పెట్టుకున్నాను. తెరిచి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. అక్క చేతిలోంచి నా చేతికి ఏది వచ్చినా నేను తెరిచి చూసుకునేదాన్ని కాదు.

మలుపు తిరగ్గానే చెక్‌పోస్టు. అక్కడ ఆ రోజు సంచులన్నీ తనిఖీ చేస్తున్నారు. మాకన్నా ముందొచ్చిన రెండు జంటల సామాను టార్పాలిన్ మీద పరిచి ఉంది. పోటీ నియమాలు చూసే మార్షల్ నడివయసు నేపాలీ స్త్రీ, జుట్టు బిగించి ముడేసుకుంది, నిదానంగా హిందీ మాట్లాడింది. నా ట్యాంక్ బ్యాగ్ తీసింది. రెంచీలు, ట్యూబు, బిస్కెట్లు, డబ్బా. డబ్బా మూత తీసింది. పైన దూది, బ్యాండేజీ చుట్ట, ఆయింట్‌మెంటు. వాటి కింద ఫోను. పక్క బటన్ నొక్కగానే, లాక్ తియ్యకుండానే తెర వెలిగింది. మేం వెళ్లాల్సిన దారి నీలి గీతలా మెరుస్తోంది. అది ఏమిటో అక్కడున్న ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

నేను అక్క వైపు చూశాను. ఆవిడ చెబుతుందనే చూశాను. అది నాదమ్మా అంటుందనుకున్నాను. ఆ ఒక్క క్షణం నాకు భయం కూడా వెయ్యలేదు, ఆవిడ మీద జాలే వేసింది.

అక్క నావైపు నోరు తెరుచుకుని చూసింది. "యే క్యా హై? తూ ఫోన్ లాయీ థీ?" అంది. ఇదేమిటి, నువ్వు ఫోను తెచ్చావా అని. నాతో ఎప్పుడూ హిందీ మాట్లాడని మనిషి, చుట్టూ ఉన్న వాళ్లందరికీ అర్థమయ్యేలా హిందీలో అడిగింది.

నేను మార్షల్ వైపు తిరిగాను. మాటలు గబగబా వచ్చాయి. ఈ డబ్బా నాది కాదు, ఇప్పుడే వాగు దగ్గర ఆవిడే ఇచ్చింది అన్నాను. మార్షల్ అక్కను అడిగింది.

"డబ్బా నేనే ఇచ్చాను," అంది అక్క, ఏమాత్రం తడబడకుండా. "అందులో నేను మందులే పెట్టాను."

సగం నిజం చెప్పింది. దానితో నా మాట మొత్తం అబద్ధమైపోయింది. మార్షల్ నా చేతికి ఫోనిచ్చి లాక్ తెరవమంది. పిన్ నంబరు నాకు తెలియదన్నాను. "అందరూ ఇదే అంటారు బహిన్," అంది ఆవిడ, కోపంగా కాదు, విసుగ్గా. ఎవరి సంచిలో దొరికితే వాళ్లే బాధ్యులు, అది నియమం. నా ఛాతీ మీది నంబరు విప్పించుకున్నారు. జంటలో మిగిలినవాళ్లు సమయంలో కోత పడినా ఒంటరిగా ఆడవచ్చు, అదీ నియమమే. అక్క హెల్మెట్ పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ నా వీపు తట్టింది. ఆ తట్టడాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఒకరిని ఓదార్చినట్టే ఉంది.

క్యాంపుకు తిరిగొచ్చి బండి కడిగాను. కడగడం అయ్యాక మళ్లీ కడిగాను. వచ్చేవాళ్లు వస్తున్నారు, నవ్వుకుంటున్నారు, బోర్డు దగ్గర గుమిగూడుతున్నారు. నా పేరు మీద అడ్డగీత ఉంది. పొద్దుగూకకముందే టీచరు వచ్చి నా పక్కన గడ్డిలో కూర్చుంది. గ్లవ్స్ వేళ్లు లాగుకుంటూ అంది:

"దీదీ, హమ్‌కో పతా థా."

మాకు తెలుసు అంటోంది. "ఏం తెలుసు?"

వాళ్లకు దల్మా రోజుల నుంచే తెలుసు. నేను గీసుకొచ్చిన దారుల మీద సాధన చేసేటప్పుడే అక్క సంచిలో రెండో ఫోను చూశారు. డాక్టరు అడిగితే, అలవాటు కోసం పెట్టుకున్నాను, పోటీలో తీసేస్తాను అందిట. తీసెయ్యలేదని నిన్న తెలిసిందిట.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

ఈసారి తెలుగులో చెప్పింది, వెతుక్కుంటూ, తప్పులతో. "నువ్వు ఆమెని దేవుడిలా సూస్తావు. సెప్తే నమ్ముతావా?"

నమ్మేదాన్ని కాదు. కానీ చెప్పాల్సింది. పోనీ, వెళ్లి మార్షల్‌తో ఈ మాట చెబుతావా అని అడిగాను. టీచరు తల దించుకుంది. అక్క లేకపోతే ఈ గుంపు లేదు, తనని ఇంట్లో ఒప్పించి తెచ్చిందీ అక్కే అంది. దాంతో నాకు లెక్క తేలిపోయింది. నన్ను అక్క ఒక్కతే మోసం చేసిందనుకున్నాను. ఒకరు చేశారు, ఇద్దరు చూస్తూ ఊరుకున్నారు. వరసలో చివర ఉండి, ముగ్గురి బళ్లూ నా కళ్ల ముందే ఉండేలా చూసుకుంటూ వచ్చినదాన్ని నేను.

మూడో రోజు పొద్దున్న టీ పొయ్యి దగ్గర అక్క ఒక్కతే దొరికింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వేళ్లు వెచ్చబెట్టుకుంటోంది.

"అక్కా, ఆ ఫోను నీది."

చుట్టూ చూసింది. "మెల్లగా మాటాడు."

"నీదా, కాదా?"

"నాదే. అయితే ఇప్పుడేటి సెయ్యమంటావు? ఎళ్లి సెప్పీమంటావా? నువ్వెలాగూ బయటికెళ్లిపోయేవు. నేనూ పోతే ఏటి లాభం? ఒకరమైనా ఆడొద్దా?"

"నేను ఎలాగూ వెళ్లిపోలేదక్కా. నువ్వు పంపించావు."

"అలగనకు. అక్కడ తనిఖీ ఉందని సూసి బుర్ర పనిసెయ్యనేదు. పారీడానికి సెయ్యాడనేదు." గొంతు తగ్గించింది. "నాకు యాబైరెండు. వచ్చే ఏడు ఈ నడుం ఇలగుంటాదో నేదో. మా ఇంజనీర్ల క్లబ్బులో నా ఫొటో ఏసి బ్యానర్ కట్టీసేరు. ఏ మొకంతో ఎళ్లమంటావు? నువ్వు సిన్నదానివి, వచ్చే ఏడు మళ్లీ వత్తావు."

అప్పుడు నాకు సాల్ అడవి గుర్తొచ్చింది.

"మొన్న ఆ చీలిక దగ్గర కుడికి అన్నావు. మనసు చెప్తోంది అన్నావు. అదీ ఫోనేనా?"

ఆవిడ మిగిలిన టీ పొయ్యి పక్కన పారబోసింది. గ్లాసు కింద పెట్టి గ్లవ్స్ తొడుక్కుంది.

నా మీద నింద వేసినదానికన్నా అదే నన్ను ఎక్కువ కోసింది. ఆ మొదటి రోజు ఒక్కటైనా నాదనుకున్నాను. నా బొమ్మలూ, నా శనివారాలూ, నాన్న పక్కన కూర్చుని సరిచూసిన లెక్కలూ మమ్మల్ని ఆ స్థానానికి తెచ్చాయనుకున్నాను. ఇప్పుడు అందులో నాదెంతో, ఆ నీలి గీతదెంతో విడదీసే మార్గం లేదు. ఆ సంతోషాన్ని కూడా వెనక్కి తీసేసుకుంది.

ఫోను జప్తు చేసిన కాగితం మీద సంతకం పెట్టించుకుని, దొరికింది నా దగ్గరే కాబట్టి దాన్ని నాకే ఇచ్చారు. ఆ మధ్యాహ్నమే బయల్దేరిపోయాను. ఛఠ్ పండగ రోజులవి. బిహార్ రోడ్ల నిండా చెరుకు గడలు, అరటి గెలలు, పసుపు చీరలు. దారి పక్క ఆగినచోటల్లా ఎవరో ఒకరు ఎక్కడి నుంచి వస్తున్నావు బేటీ అని అడిగేవారు. నేపాల్ నుంచి అంటే, ఒక్కదానివేనా అనేవారు. అవునంటే మెచ్చుకునేవారు. ఆ మెప్పు నాకు అక్కర్లేదు. రెండు రోజులూ అడ్డమైన ఆలోచనలతో నడిపాను, నవాదా దగ్గర ఒక గొయ్యిలో పడి అద్దం పగలగొట్టుకున్నాను.

ఇంటికి చేరేసరికి నాన్న మొక్కలకు నీళ్లు పోస్తున్నారు.

"ఏటమ్మా, ఒక్కర్తివే వచ్చీసేవు? మిగతావోళ్లేరీ?"

కూర్చోబెట్టి అంతా చెప్పాను. అయ్యాక ఆయన, "ఒకటడుగుతాను, కోపం తెచ్చుకోకు. నిజంగా నీకు తెల్దా?" అన్నారు.

నాన్న కూడా అడిగారు. నేను ఏడ్చాను. ఆయన కంగారుపడి నా తల మీద చెయ్యి వేసి, "అడక్కపోతే నాకూ మనసులో ఉండిపోద్దమ్మా, అందుకడిగేను," అన్నారు. తరవాత, "రాసిచ్చేవా అక్కడ?" అన్నారు.

"లేదు."

"అదే తప్పు సేసేవు. నోటి మాట ఎవుడికి గుర్తుంటాది? సిగ్నల్ దగ్గర ఏదైనా అయితే మేం ముందు కాయితం రాసీవోళ్లం. కన్నీళ్లు తరవాత."

ఆ వారమే నిర్వాహకులకు వివరంగా ఉత్తరం రాసి మెయిల్లో పంపాను. ఈలోగా అక్క ఆడవాళ్లలో మూడో స్థానంతో తిరిగొచ్చింది. మా వాట్సాప్ గ్రూపులో క్లబ్బు సన్మానం ఫొటోలు వచ్చాయి. వాటి కింద ఆవిడ ఇంగ్లీషులో రాసింది: మనలో ఒకరు తెలియక ఒక పొరపాటు చేశారు, మనమందరం క్షమించాం, ఎవరూ దాని గురించి మాట్లాడవద్దు. డాక్టరు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది.

ఆదివారం పది గంటలకు, ఛార్జింగు పెట్టి ఉంచిన ఆ ఫోను తీసుకుని సోనారి వెళ్లాను. దెబ్బలాడాలని కాదు. ఆ వస్తువు నా ఇంట్లో ఉండకూడదు, అంతే. తలుపు అక్క భర్త తీశారు. మెత్తని మనిషి, నన్నెప్పుడూ "రామ్మా" అని పిలిచేవారు. నేను ఫోను ఇవ్వగానే ఆయన మొహం విప్పారింది.

"అరె, ఇది నా పాతది! నీ దగ్గరుందేటి? రెండు నెల్లై ఎతుకుతున్నాను. ఇందులో మా అమ్మ ఫొటోలున్నాయి." అంటూనే బొటనవేలితో నాలుగు అంకెలు నొక్కారు. తెరుచుకుంది. తెర మీద ఇంకా ఆ కొండలూ, నీలి గీతా. "ఇదేటిది?" అన్నారు.

లోపలి గది గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఆయన ఫోనునీ, అక్కనీ, నన్నూ చూశారు. అక్క సన్మానంలో ముందు వరస కుర్చీలో కూర్చున్న మనిషి. ఎవరూ చెప్పకుండానే ఆయనకు అర్థమైపోయింది. మెల్లగా కుర్చీలో కూర్చుని, "కాఫీ తాగుతావామ్మా?" అన్నారు.

వద్దని బయటికొచ్చాను. అక్క గేటు దాకా వచ్చింది.

"ఇప్పుడు నీకేటి కావాలి? ఆయన ముందు నా పరువు తీసీడానికే వచ్చేవు కదా?"

"ఆయనదని నాకు తెలీదక్కా. నాకేమీ వద్దు. గ్రూపులో నువ్వే నిజం రాయి. ఒక్క ముక్క చాలు."

"రాత్తాను," అంది. కళ్లు తుడుచుకుంది కూడా. నేను నమ్మాను. చూడండి, అప్పుడు కూడా నమ్మాను.

రాయలేదు. పది రోజులు చూసి నేను ఆ గ్రూపులోంచి వచ్చేశాను. నిర్వాహకుల నుంచి జవాబు ఇంకో నెలకు వచ్చింది: మీ ఉత్తరం చదివాం, విచారం, ఫలితాలు ఖరారైపోయాయి, వచ్చే ఏడు మీరు పాల్గొనడానికి అభ్యంతరం లేదు. నాన్న దాన్ని ప్రింటు తీయించి ఫైల్లో పెట్టారు.

మొన్న టీచరు మా ఫ్యాక్టరీ గేటు దగ్గరికొచ్చి షిఫ్టు అయ్యేదాకా నిలబడింది. ఆ నిలబడటం ఎంతసేపో గార్డు చెబితే తెలిసింది. క్షమించమంది, తను చూసింది మార్షల్స్‌కు రాస్తానంది, వచ్చే ఏడు నాతో జంటగా వస్తానంది. మంచి పిల్లే. ముందు రాయి, తరవాత చూద్దాం అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా, గట్టిగా వినిపించింది. ఆరేళ్ల కిందటి నేనైతే అక్కడికక్కడే సరే అనేదాన్ని.

ఇప్పుడు ఆదివారాలు ఒక్కదాన్నే వెళ్తున్నాను. దల్మా కింద ఎవరైనా మోటారు సైకిల్ మీద ఎదురొస్తే అక్కేమో అని ఇప్పటికీ బ్రేకు మీదికి కాలు పోతుంది. కోపంతోనో, కలవాలనో నాకే సరిగ్గా తెలియదు.